తొమ్మిదో వార్డులో సున్నా

మొదటి ఫోను వృద్ధుల హోమ్ మేనేజరమ్మ దగ్గర్నుంచి వచ్చింది. జబ్బు ఊళ్ళోకి వచ్చిందని బళ్ళు మూసేసిన మూడో రోజు, పొద్దున్న తొమ్మిదిన్నరకి.

"మాస్టారూ, రేపట్నుంచి లోపలికి ఎవర్నీ రానివ్వం. లోపలివాళ్ళని బయటికి పంపం. మీ అక్కగారిని ఇంటికి తీసుకెళ్ళాలనుంటే సాయంత్రంలోగా వచ్చేయండి. తరవాత నన్నేమీ అనొద్దు."

"మిగతావాళ్ళు ఏం చేస్తున్నారు?"

"ఇద్దరు వచ్చి తీసుకెళ్ళారు. తక్కినవాళ్ళు ఇదే అడుగుతున్నారు, మిగతావాళ్ళు ఏం చేస్తున్నారని."

నేను ఫోను పెట్టేసేసరికి మా ఆవిడ ముందుగదిలో మంచం మీదున్న పుస్తకాల కట్టలు కింద పెడుతోంది. ఆ మంచం అక్కది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాక రెండేళ్ళు దాని మీదే ఉంది. రోజుకి నాలుగుసార్లు ఆమెని లేపి కూర్చోబెట్టి, ఆఖరికి మా ఆవిడ నడుము మంచానికి అంటుకుపోయింది. అప్పుడు అక్కే అంది, "నన్నెక్కడైనా చేర్చండిరా, ఇద్దరు రోగుల్ని నువ్వొక్కడివీ ఏం మోస్తావు" అని. హోమ్‌లో చేర్చాం. వీధిలో ఎవరైనా అడిగితే చెల్లెలి కూతురింటికి వెళ్ళిందని చెప్పేవాళ్ళం. అక్కకి చెల్లెలు లేదు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

"ఎన్నింటికి వెళ్దాం?" అంది మా ఆవిడ.

"ఆగు. ఆలోచించనీ."

"ఆలోచించడానికేముంది? ఇప్పుడు నా నడుము బాగానే ఉంది."

నాకు ఆ ముందురోజే డ్యూటీ కాగితం వచ్చింది. మునిసిపల్ ఆఫీసులో కూర్చుని రోజూ ఆస్పత్రుల నుంచి వచ్చే చావుల వివరాలు రిజిస్టరులో ఎక్కించాలి. పదిమంది మధ్య తిరిగి, ఆ కాగితాలు పట్టుకుని ఇంటికి వచ్చేవాణ్ణి నేను. అక్కడ ఇరవై ఎనిమిది మంది ఉన్నా గేటుకి తాళం వేస్తున్నారు. ఇక్కడ ఉండేది ఇద్దరమే అయినా నేను రోజూ తలుపు తీసుకుని బయటికి పోవాలి. ఈ మాటే మా ఆవిడతో అన్నాను. ఆమె చేతిలోని కట్ట మంచం మీద తిరిగి పెట్టింది.

"మీ దగ్గర ఎప్పుడూ ఒక లెక్క ఉంటుంది" అంది.

సాయంత్రం నాలుగింటికి అక్కకి ఫోను చేశాను. ఆయా ఫోను పట్టుకుని ఆమె ఎడమ చెవికి ఆనించేది.

"నీ లెక్క ఏం చెప్తోందిరా?"

"ఉండమనే చెప్తోంది అక్కా."

"అయితే ఉంటాను. మంచం సర్దొద్దని మీ ఆవిడకి చెప్పు. మళ్ళీ నడుం పట్టుకుంటుంది."

*

మునిసిపల్ ఆఫీసులో మీటింగు హాలు మాకిచ్చారు. పొడుగాటి బల్ల చుట్టూ దూరందూరంగా ముగ్గురు టీచర్లం. నేను లెక్కల మాస్టర్ని. నాకెదురుగా డ్రాయింగు మాస్టారు. ఆ చివర పీఈటీ మాస్టారు, ఆయన పని ఫోన్లు ఎత్తడం. గొంతు పెద్దదని ఆ పని ఇచ్చారు. మా పైన సూపర్నెంటుగారు.

పదింటికల్లా ఆస్పత్రుల కాగితాలు వచ్చేవి. ఒక్కో మనిషికి ఒక్కో వరస. పేరు, వయసు, ఇంటి చిరునామా, ప్రాణం పోయిన సమయం. చిరునామా చూసి అది ఏ వార్డులోకి వస్తుందో పోల్చుకుని, ఆ వార్డు పేజీలో ఆ పేరు రాయాలి. పన్నెండింటికి వార్డులవారీ మొత్తాలు కట్టి పైకి పంపాలి. సాయంత్రం ఊరంతా చూసుకునే ప్రకటన అదే. ఏ వార్డులో ఒకటి పడ్డా అక్కడికి డాక్టర్ల బృందం వెళ్ళి, ఆ చావు నమోదైన ఇంటి చుట్టుపక్కల వాళ్ళందరికీ పరీక్షలు చేసేది. రూలు అది. మంచి రూలే.

నేను శీర్షికలు ఎర్రసిరాతో రాసి, పేజీలకి స్కేలుతో గీతలు కొట్టాను. సూపర్నెంటుగారు మొదటి వారంలోనే రిజిస్టరు ఎత్తి పక్క సెక్షన్ వాళ్ళకి చూపించారు. "చూడండయ్యా, ఒక్క కొట్టివేత లేదు. మాస్టారంటే ఇలా ఉండాలి." చావుల పుస్తకానికి మెచ్చుకోలు ఏమిటని డ్రాయింగు మాస్టారు తరవాత అన్నాడు. నేను మాత్రం మనసులో సంతోషపడ్డాను. ఆ మాట దాచుకోవడం ఇప్పుడు అనవసరం.

హోమ్ ఉన్నది తొమ్మిదో వార్డులో, నీళ్ళ ట్యాంకు వెనక. ఆ పేజీలో రోజూ సున్నా పెట్టేవాణ్ణి. నాలుగింటికి అక్కకి చెప్పేవాణ్ణి.

"మీ వార్డు ఇవాళ కూడా శుభ్రంగా ఉందక్కా."

"చిరునామాలు చూసి వేరుచేయడమా నీ పని?" అంది ఒకరోజు. అక్క పోస్టాఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు సార్టింగు చేసింది. ఆ జీతం మీదే నేను చదువుకున్నాను. "నా ఉద్యోగం నీకొచ్చిందన్నమాట. నావి ఉత్తరాలు, అంతే తేడా."

"అంతే."

"చిరునామా ఎవరు చెప్తారు? పోయినవాళ్ళు చెప్పలేరు కదా."

"వాళ్ళ మనుషులు చెప్తారు, ఆస్పత్రిలో చేర్చేటప్పుడు."

"ఊఁ" అంది. ఇంకేదో అనబోతోందనుకున్నాను. ఆయా చెయ్యి నొప్పెట్టినట్టుంది, ఫోను పెట్టేసింది.

రెండో వారంలో ఒకసారి, మూడో వారంలో ఒకసారి మా ఆవిడ అడిగింది, "ఇప్పటికైనా తీసుకొద్దామా?" అని. పంపం అన్నవాళ్ళే, పట్టుబట్టి అడిగితే పంపుతున్నారని ఆమెకి ఎవరో చెప్పారు. రెండుసార్లూ సున్నా చూపించాను. రెండోసారి మా వార్డు సంగతి కూడా చెప్పాను. మాది పదకొండో వార్డు. అప్పటికి మా దాంట్లో ఏడు.

"ఏడు ఉన్నచోటికి సున్నా ఉన్నచోటినుంచి తీసుకురమ్మంటావా?"

నా మాటలో తప్పు ఆమెకీ కనబడలేదు, నాకూ కనబడలేదు.

*

నాలుగో వారంలో ఒక సాయంత్రం అక్క గొంతు హుషారుగా ఉంది.

"టీ ఈమధ్య వేడిగా వస్తోందిరా. ఇదివరకు నా దాకా వచ్చేసరికి పైన మీగడ కట్టేది. ఇవాళ నాలిక కాలింది."

ఆమెది పదకొండో గది, వరండాలో అన్నిటికన్నా చివరిది. టీ మొదటి గది నుంచి పోసుకుంటూ వచ్చేవాళ్ళు. చల్లారిన టీ గురించి ఏడాదిగా ఆమె చెయ్యని ఫిర్యాదు లేదు. నేనే రెండుసార్లు మేనేజరమ్మకి చెప్పాను.

"చెప్పగా చెప్పగా విన్నారన్నమాట" అన్నాను.

"వినలేదు పాడూ లేదు. ఆయానడిగితే మొహం అటు తిప్పుకుంది."

ఫోను పెట్టేసి మా ఆవిడకి చెప్పాను. ఆమె తీగ మీద బట్టలు ఆరేస్తోంది. తడిచీర చేతిలో అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"చివరి గదికి వేడిగా వస్తోందా?"

"అవును. నాలిక కాలిందట."

"ముందు గదుల్లో తాగేవాళ్ళు ఏమయ్యారు?"

నేను ఆమె వంక చూశాను.

"మీరు లెక్కల మాస్టారేనా?" అంది. గొంతు పెంచలేదు. చీర తిరిగి బకెట్లో వేసి లోపలికి వెళ్ళిపోయింది.

నేను అక్కడే నిలబడి ఆయాకి ఫోను చేశాను.

"సారూ, నన్నడగొద్దండి. మేడమ్ గారిని అడగండి."

"ఇవాళ సాయంత్రం ఎన్ని గ్లాసులు పోశావమ్మా? అదొక్కటే చెప్పు."

వెనకాల గిన్నెల చప్పుడు వినబడింది.

"పద్దెనిమిదండి."

"మా అక్కతో కలిపేనా?"

"కలిపేనండి."

ఇరవై ఎనిమిది మందిలో ఇద్దరిని మొదటిరోజే ఇళ్ళకి తీసుకెళ్ళారు. ఇంకా ఇరవై ఆరుగురు ఉండాలి.

"కళ్ళద్దాల తాతగారు?"

"ఆయన్ని వాళ్ళబ్బాయి వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్ళారండి. ఊలు మామ్మగార్నీ అంతే. కోర్టు గుమాస్తాగార్నీ అంతే. దగ్గు రాగానే ఇళ్ళవాళ్ళకి కబురు చేస్తారు, వాళ్ళొచ్చి తీసుకెళ్తారు. మళ్ళీ ఎవరూ రాలేదండి." కాస్త ఆగి, "మీ అక్కగారితో నేను చెప్పలేదండి. మీరూ చెప్పకండి" అంది.

*

మర్నాడు ఆఫీసుకి పోతూనే మేనేజరమ్మకి ఫోను చేసి ఆ ఎనిమిదిమంది అసలు పేర్లు అడిగాను. వాళ్ళలో అయిదారుగురు నాకు బాగా తెలుసు. ప్రతి ఆదివారం వరండాలో పలకరించుకునేవాళ్ళం. కాని హోమ్‌లో ఎవర్నీ ఎవరూ పేరుపెట్టి పిలిచేవారు కారు. కళ్ళద్దాల తాతగారు ఒక జత ముక్కు మీద, ఒక జత నుదుటి మీద పెట్టుకుని, మూడో జత కోసం వెతుకుతుండేవాడు. ఆయనకి ఇంకో పేరుందని నాకెప్పుడూ తట్టలేదు.

మేనేజరమ్మ ఎనిమిది పేర్లూ చెప్పింది. ఏమీ దాచలేదు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమండీ?"

"ఎవరికి చెప్పను మాస్టారూ? మీ ఆఫీసు నుంచి రోజూ ఫోనొస్తుంది. 'మీ దగ్గర ఇవాళ ఎవరైనా చనిపోయారా?' అని అడుగుతారు. మా దగ్గర ఎవరూ చనిపోలేదు. ఆస్పత్రికి వెళ్ళాక చనిపోయారు. లేదు అని చెప్తున్నాను. ఇంకేమీ అడగరు, పెట్టేస్తారు."

అలా అడిగేది బల్ల చివర కూర్చున్న మా పీఈటీ మాస్టారే. ఆయనకి ఆ ప్రశ్న అచ్చువేసి ఇచ్చారు. ఇరవై ఆరేళ్ళుగా ప్రశ్నపత్రాలు తయారుచేసినవాణ్ణి, ఆ ప్రశ్న రోజూ నా చెవిన పడుతూనే ఉంది.

రిజిస్టరు తెరిచాను. కళ్ళద్దాల తాతగారు రెండో వార్డులో దొరికాడు. కొడుకు ఉండే అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. ఊలు మామ్మ పద్నాలుగో వార్డులో, కూతురింట్లో. కోర్టు గుమాస్తా ఆరో వార్డు. ఇంకో ముగ్గురు మూడు వేరువేరు వార్డుల్లో. ఎనిమిదిమందిలో ఆరుగురు. మిగిలిన ఇద్దరి పేర్లు ఏ పేజీలోనూ లేవు, ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నట్టున్నారు. ఆ ఆరుగురినీ నేనే రాశాను, ఒక్క కొట్టివేత లేకుండా. ఆస్పత్రి బల్ల దగ్గర 'ఎక్కడుంటారు' అని అడిగితే కొడుకులూ కూతుళ్ళూ తమ ఇంటి నంబరు చెప్పారు. హోమ్‌లో పెట్టామని ఒక్కరూ చెప్పలేదు. అపార్ట్‌మెంటు చుట్టూ ఉన్నవాళ్ళకి పరీక్షలు జరిగాయి. హోమ్ గేటు దగ్గరికి ఏ బృందమూ వెళ్ళలేదు.

రిజిస్టరు తీసుకుని సూపర్నెంటుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఆరు పేజీలూ తిరగేసి చూశారు.

"మీరు చెప్పేది నమ్ముతాను మాస్టారూ. కాని నేనేం చెయ్యను? కాగితం మీద ఏ చిరునామా ఉంటే అదే వార్డు."

"ఎక్కడినుంచి వచ్చారని ఒక గడి ఉంటే తెలిసేది. ఇల్లా, హోమా అని."

"ఉంటే తెలిసేది. ఫారం పైనుంచి వచ్చింది. మనం గళ్ళు గీసుకోడానికి ఇది మీ మార్కుల జాబితా కాదు." తరవాత కాస్త మెత్తబడ్డారు. "ఇంట్లోవాళ్ళ చేత చిరునామా మార్పు కాగితం ఒక్కటి తెప్పించండి. ఒక్కటి చాలు. తొమ్మిదిలో ఒకటి పడనివ్వండి, గంటలో బృందాన్ని పంపిస్తాను."

ఆరు ఇళ్ళకి ఫోను చేశాను. రెండు ఎత్తలేదు. ఒకావిడ ఏడ్చింది. ఒకాయన, "మా అమ్మని మేం వదిలేశామని ఊరంతా చాటించమంటారా? మీకు పనేం లేదా?" అని పెట్టేశాడు. ఇంకొకాయన ఆలోచిస్తానన్నాడు. తాతగారి కొడుకు చివరిదాకా విని, "రాంగ్ నంబరండీ" అన్నాడు.

మధ్యాహ్నం సెలవు చెప్పి హోమ్‌కి బయల్దేరాను. అక్కని ఇంటికి తీసుకొచ్చేద్దామని. మా ఆవిడ అప్పటికే మంచం సర్దేసింది.

*

గేటు దగ్గర మేనేజరమ్మ కనబడింది. చేతిలో థర్మామీటరు ఉంది.

"మీకే ఫోను చేస్తున్నాను మాస్టారూ. మీ అక్కగారికి ఇందాకట్నుంచీ ఒళ్ళు వెచ్చగా ఉంది."

అంబులెన్సు రావడానికి గంటా పది నిమిషాలు పట్టింది. నన్ను గది గుమ్మం దగ్గరే ఆపారు. అక్క గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "బడి లేకపోయినా ఇస్త్రీ చొక్కాయేనా?" అంది. తరవాత దగ్గు వచ్చింది. వరండా పొడుగునా గదుల్లో మంచాలకి మంచాలు ఖాళీగా ఉన్నాయి. దుప్పట్లు మడతపెట్టి తలగడల మీద ఉంచారు.

ఆస్పత్రిలో చేర్పించుకునే బల్ల బయట షెడ్డులో వేశారు. అక్కని స్ట్రెచరు మీద నా పక్కనే ఉంచారు. ముక్కుకీ నోటికీ ఆక్సిజన్ మాస్కు పెట్టారు. ప్లాస్టిక్ దుస్తుల్లో ఉన్న అమ్మాయి పేరడిగింది, వయసడిగింది.

"ఎక్కడుంటారు ఈవిడ?"

పొద్దున్నంతా ఆ ఆరుగురి పిల్లల్నీ మనసులో తిట్టుకున్నవాణ్ణి. ఏం చెప్పాలో ఈ ఊళ్ళో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. చెప్పడానికి నోరు తెరిచాను. అక్క నా వంకే చూస్తోంది.

"మా ఇంట్లోనే ఉంటుంది" అన్నాను. డోర్ నంబరూ వీధీ చెప్పాను. ఆ అమ్మాయి రాసుకుంది.

అక్క ఎడమచేత్తో మాస్కు కాస్త పక్కకి లాగింది.

"పిన్‌కోడు కూడా చెప్పరా" అంది.

స్ట్రెచరు లోపలికి తీసుకెళ్ళారు.

మూడో రోజు మధ్యాహ్నం రెండు దాటి పది నిమిషాలకి ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. మమ్మల్ని గేటు అవతలే నిలబెట్టారు. శ్మశానానికి కూడా వాళ్ళే తీసుకెళ్ళారు. దీని గురించి ఇంతకన్నా రాయలేను.

*

తరవాతి రోజు డ్యూటీకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళావని అందరూ అడిగారు. ఇంట్లో ముందుగది తలుపు తీసి ఉంది, మంచం సర్ది ఉంది. నాకు వేరే దారి కనబడలేదు.

పదింటికి కాగితాలు వచ్చాయి. రెండో కాగితంలో అయిదో వరస అక్కది. పేరు, డెబ్భై ఒకటి, మా ఇంటి నంబరు, పగలు రెండు గంటల ఐదు నిమిషాలు. డ్రాయింగు మాస్టారు కూడా చూసినట్టున్నాడు. లేచి వచ్చి చెయ్యి చాపాడు.

"ఇవ్వండి, నేను రాస్తాను."

"ఫరవాలేదు."

పదకొండో వార్డు పేజీ తీసి రాశాను. ఎప్పటి దస్తూరీయే వచ్చింది. పన్నెండింటికి మొత్తాలు కట్టాను. పదకొండో వార్డు, ఒకటి. తొమ్మిదో వార్డు దగ్గర పెన్ను ఆగింది. హోమ్‌లో ఇంకా పదిహేడుమంది ఉన్నారు. టీ మరికాస్త వేడిగా అందుకుంటూ ఉంటారు.

సున్నా పెట్టి పైకి పంపించి, ఇంటికి వెళ్ళాను.

మా ఆవిడ అక్క సంచీ విప్పి కూర్చుంది. రెండు చీరలు, దువ్వెన, పాత కళ్ళజోడు, ఒక టార్చిలైటు. హోమ్ వాళ్ళు పంపినవి. నేను చెయ్యాలనుకున్నది చెప్పాను. ఆమె చాలాసేపు దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీస్తూ ఉండిపోయింది.

"వదిన మనింట్లో ఉండి పోయిందని ఒక్క కాగితం మీదైనా ఉండనివ్వకూడదా?"

"అక్కడింకా పదిహేడుమంది ఉన్నారు."

"తెలుసు. నాకూ లెక్కలొచ్చు."

"నువ్వు వద్దంటే ఆగుతాను."

"నేను వద్దనను. నేను వద్దనలేనని మీకు తెలుసు, అందుకే అడుగుతున్నారు." దువ్వెన సంచీలో పెట్టేసింది. "రేపు వీధిలో వాళ్ళకి మీరే చెప్పండి. ఆ చెల్లెలి కూతుర్ని పుట్టించింది నేను. చంపడం మీ వంతు."

జనన మరణాల కౌంటరు అదే ఆఫీసులో కిందనుంది. మర్నాడు పొద్దున్న అక్కడికి వెళ్ళాను. గుమాస్తా నా కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మామూలుగా హోమ్ అని పడింది, తీసేసి ఇల్లు రాయండని వస్తారు. ఇల్లు తీసేసి హోమ్ రాయమన్నవాళ్ళని మిమ్మల్నొక్కరినే చూస్తున్నాను. తప్పు చిరునామా ఎవరు చెప్పారు?"

"నేనే."

"కారణం రాయాలండి. ఇక్కడ, ఈ గడిలో."

గడి రెండంగుళాలు ఉంది. లెక్కలో ప్రతి మెట్టుకీ కారణం రాయమని పిల్లలకి చెప్పి బతికినవాణ్ణి. వెనక ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒకాయన దగ్గితే అందరూ పక్కకి జరిగారు. 'చెప్పినవారి పొరపాటు' అని రాసి సంతకం పెట్టాను. కొత్త చిరునామా దగ్గర, వృద్ధుల హోమ్, పదకొండో గది, నీళ్ళ ట్యాంకు వెనక, తొమ్మిదో వార్డు అని రాశాను.

గంటకల్లా ఆ కాగితం పైకి వచ్చింది. రిజిస్టరులో పదకొండో వార్డు పేజీలో అక్క పేరు మీద అడ్డంగా గీత కొట్టాను. నా పుస్తకంలో అదే మొదటి కొట్టివేత. తొమ్మిదో వార్డు పేజీలో రాశాను. సూపర్నెంటుగారు పక్కనే నిలబడి చూశారు. నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి, దూరం గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నారు.

"ఇప్పుడే పంపిస్తున్నాను" అన్నారు. కుర్చీలో కూర్చోబోతూ మళ్ళీ లేచారు. "మాస్టారూ, ఆ గడి సంగతి. పెన్సిల్‌తో గీయండి. పైవాళ్ళు వద్దంటే చెరిపేద్దాం."

పీఈటీ మాస్టారు అచ్చువేసిన ప్రశ్న పక్కన పెట్టేసి, ఊళ్ళో ఉన్న పద్నాలుగు హోములకీ ఆ మధ్యాహ్నమే ఫోన్లు చేశాడు. నెల కిందట ఎంతమంది ఉండేవారు, ఇవాళ ఎంతమంది భోంచేశారు, తక్కినవాళ్ళు ఎక్కడికి వెళ్ళారు. ఈ మూడే అడిగాడు. ఆయన గొంతు సాయంత్రమయ్యేసరికి బాగా తగ్గిపోయింది. డ్రాయింగు మాస్టారు ఆ అంకెలు ఒక చార్టు మీద వేశాడు. వేసి, దాన్ని గోడకి తగిలించకుండా బల్ల మీద బోర్లించి ఉంచాడు.

నీళ్ళ ట్యాంకు వెనక పదిహేడుమందికీ, ఆయాకీ, మేనేజరమ్మకీ పరీక్ష చేశారు. తొమ్మిదిమందికి ఉందని తేలింది. వాళ్ళలో ముగ్గురు తరవాత పోయారు. ఆయా బతికింది. ముందే వెళ్ళి ఉంటే ఎంతమంది మిగిలేవారో ఎవరైనా అడుగుతారేమోనని కొన్నాళ్ళు ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు.

బళ్ళు తెరిచేముందు వారం, డ్యూటీ ఆఖరి రోజుల్లో, హాల్లో నేనొక్కణ్ణే ఉండగా ఫోను మోగింది. ఎత్తాను.

"మాస్టారేనా అండి?"

"చెప్పండి."

"ఆరోజు నేను రాంగ్ నంబరు అన్నాను. ఆ చిరునామా మార్చే కాగితం ఎక్కడిస్తారు?"

కళ్ళద్దాల తాతగారి కొడుకు. కింద, మూడో కౌంటరు, పదిన్నర నుంచి ఒంటిగంట దాకా అని చెప్పాను. కారణం రాయాల్సి వస్తుందని కూడా చెప్పాను. పెన్ను కాగితం మీద గీసుకునే చప్పుడు వినబడింది.

"హోమ్ పేరు రాస్తే చాలా?"

"గది నంబరు కూడా రాయండి. ఏ గదిలో ఎంతమందికి వచ్చిందో తెలిస్తే పనికొస్తుంది."

పెన్ను చప్పుడు ఆగిపోయింది. లైను తెగిందేమో అనుకున్నాను.

"మా నాన్న ఏ గదిలో ఉండేవారో నాకు తెలీదండి" అన్నాడు.

"నాలుగు" అన్నాను. "కిటికీ పక్క మంచం."